దూరపు గదికి ఇంటర్నెట్ చేర్చడం: కొలత నుంచి కనెక్షన్ దాకా సమగ్ర మార్గదర్శి

హాల్లో టీవీ పక్కన రౌటర్ బాగానే పనిచేస్తుంటుంది. మేడ మీది గదిలోనో వెనక పడకగదిలోనో కూర్చుంటే మాత్రం ఫోన్‌లో ఒక్క గీత కనిపించి మాయమవుతుంది. ఆఫీసు కాల్ సగంలో తెగిపోతుంది. ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని ఆన్‌లైన్‌లో ఒక రిపీటర్ (వై-ఫై సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే పెట్టె) కొనడం, చివరికి చేసే పని ఆ గదికి తీగ లాగించడం. ఈ వరుసను తిరగవేస్తే డబ్బూ శ్రమా రెండూ తగ్గుతాయి. హైదరాబాద్ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని, ఆ పనిని ఏ క్రమంలో చేయాలో కింద వివరించాను.

1. లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోండి

ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్క్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి, వై-ఫై ఆపేసి, వేగం కొలవండి. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిది గంటల వేళ మరొకసారి కొలిచి కాగితం మీద రాసుకోండి. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్న ఇంట్లో రౌటర్ దగ్గరే 90 దాటడం లేదంటే, దూరపు గదికి ఎన్ని పరికరాలు కొన్నా ఫలితం ఉండదు. అలాంటి ఇళ్లలో తరచూ కనిపించే కారణం, పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్ వరకే పనిచేసేవి కావడం.

తరువాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏదైనా వై-ఫై ఎనలైజర్ యాప్ వేసుకుని గది గదికీ తిరగండి. అది సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలమానంలో, మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 వరకు వీడియో కాల్ నిలకడగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే తెగుతూ అతుక్కుంటూ ఉంటుంది. మైనస్ 80 దాటిన గదిలో వై-ఫై లేనట్టే లెక్క.

ఇంకో ఉచితమైన పరీక్ష ఉంది. రౌటర్ టీవీ వెనకనో, షూ ర్యాక్ మీదనో, ఇనుప బీరువా పక్కనో ఉంటే, దానిని తీగ అందినంత మేర బయటికి తెచ్చి ఐదారు అడుగుల ఎత్తులో తెరిపిన పెట్టి మళ్లీ కొలవండి. పది డీబీఎం మెరుగుపడితే మీ పని ఇక్కడే పూర్తి కావచ్చు.

2. గోడలను లెక్కవేసుకోండి

మన ఇళ్లలో లోపలి గోడలు సాధారణంగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, బయటి గోడలు తొమ్మిది అంగుళాలవి. వై-ఫై సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండుల (రేడియో తరంగాల శ్రేణుల) మీద నడుస్తుంది. నాలుగున్నర గోడలు రెండు దాటినా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కొంత మిగులుతుంది. ఇనుప చువ్వలున్న కాంక్రీటు శ్లాబు అడ్డు వస్తే సంగతి వేరు. ఒక్క శ్లాబు దాటేసరికే 5 గిగాహెర్ట్జ్ దాదాపు చచ్చిపోయి, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే కుంటుతూ పైకి చేరుతుంది.

నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో చాలావాటిని మేస్త్రీలు మైవాన్ అని పిలిచే అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో కడుతున్నారు. ఈ ఫ్లాట్లలో ఇటుక గోడ ఉండదు. గది గదికీ మధ్య ఉన్నది చువ్వల కాంక్రీటే. అందుకే పన్నెండు వందల చదరపు అడుగుల ఫ్లాట్‌లోనూ చివరి పడకగదికి వై-ఫై అందదు. ఆ గోడలు భవనం బరువును మోసేవి కాబట్టి, అసోసియేషన్ అనుమతి లేకుండా వాటికి రంధ్రం వేయడం గానీ గాడి కొట్టడం గానీ చేయకూడదు.

మల్కాజిగిరి, ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల రెండు వందల గజాల్లో కట్టిన సొంత ఇళ్లలో కష్టం పైఅంతస్తుది. ట్యాంకు పక్కన వేసిన పెంట్‌హౌస్ గదికీ కింది హాలుకూ మధ్య రెండు శ్లాబులు ఉంటాయి. నిండు నీళ్ల ట్యాంకు, అద్దాల వార్డ్‌రోబ్, ఇనుప షట్టర్ కూడా సిగ్నల్‌ను మింగేవే.

3. పద్ధతిని ఎంచుకోండి

తీగ లాగడానికి ఎంత కష్టమైనా దారి ఉంటే తీగే లాగండి. మంచి ఇథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు ఒక గిగాబిట్ వేగాన్ని తగ్గించకుండా మోస్తుంది. మన ఇళ్లలో ముప్పై, నలభై మీటర్లు దాటే సందర్భమే అరుదు. గది చివర ఒక చిన్న యాక్సెస్ పాయింటో (కేబుల్‌లో వచ్చిన ఇంటర్నెట్‌ను వై-ఫైగా పంచే పెట్టె), మూలపడి ఉన్న పాత రౌటరో పెడితే ఆ గదికి సొంత వై-ఫై వచ్చినట్టే.

తీగకు ముందు మీ ఇంటర్నెట్ సంస్థను ఒక్క విషయం అడిగి చూడండి. ఫైబర్ బాక్సును (సంస్థ ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టెను) హాలు మూల నుంచి ఇంటి నడుమకు మార్చమంటే చాలా సంస్థలు కొంత రుసుము తీసుకుని మారుస్తాయి. ఫైబర్‌ను మాత్రం సొంతంగా కత్తిరించవద్దు, దాని ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం కనెక్టర్‌తో కలపవద్దు. ఆ రెండింటి కొనలు వేర్వేరు కోణాల్లో చెక్కి ఉంటాయి.

తీగకు దారే లేని ఇళ్ల సంగతి తొమ్మిదో భాగంలో ఉంది.

4. దారిని కొలిచి, సామాను తెచ్చుకోండి

టేపుతో గది నుంచి గదికి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. కేబుల్ వెళ్లే దారి వెంటే, మూలలు తిప్పుతూ, మెట్ల పక్కగా ఎక్కిస్తూ పురికొస పరచి, ఆ పురికొసను కొలవండి. కంటికి పదిహేను మీటర్లుగా తోచిన దూరం ఇరవై నాలుగు మీటర్లుగా తేలడం మామూలే. దానికి మూడు మీటర్లు కలపండి.

కోఠిలోని గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో గానీ కేబుల్‌ను మీటర్ల లెక్కన కోసి ఇచ్చే దుకాణాలు దొరుకుతాయి. 305 మీటర్ల పెట్టె మొత్తం కొనవలసిన అవసరం లేదు.

కొనేటప్పుడు ఒక మోసాన్ని గమనించాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను సీసీఏ అంటారు. అది చవక, కానీ వంచితే విరుగుతుంది, కేబుల్ ద్వారా కరెంటు పంపే పరికరాలకు అసలే పనికిరాదు. కోసిన కొన వద్ద ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం, లోపలిదాకా ఎర్రగానే ఉంటే రాగి. దుకాణదారు ముఖం చిట్లించినా ఈ పరీక్ష మానవద్దు.

తెచ్చుకోవలసినవి:

- పూర్తి రాగి క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుళ్లలో ఒక రకం) కేబుల్. ఆరుబయట వెళ్లే భాగం ఉంటే నల్లటి తొడుగున్న ఔట్‌డోర్ రకం.
- క్యాట్ 6 కోసమే చేసిన ఆర్‌జే45 కనెక్టర్లు (కేబుల్ కొసకు బిగించే ప్లాస్టిక్ ప్లగ్గులు). కావలసినవి రెండే అయినా పది తీసుకోండి.
- క్రింపింగ్ టూల్ (కనెక్టర్‌ను నొక్కి బిగించేది), ల్యాన్ టెస్టర్ (తీగలు సరిగా కలిశాయో చూపేది). ఇవి ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటే కొననక్కరలేదు.
- పీవీసీ పైపు, క్లాంపులు, లోపల గోడకు కేసింగ్ పట్టీ.
- రంధ్రం మూయడానికి సిలికాన్ సీలెంట్.
- గిగాబిట్ పోర్టులున్న యాక్సెస్ పాయింట్ లేదా రౌటర్.

5. కేబుల్ లాగండి

కరెంటు వైర్లున్న పైపులో నెట్‌వర్క్ కేబుల్ వేయకూడదు. ఇది సిగ్నల్ కోసం చెప్పే మాట మాత్రమే కాదు. 230 వోల్టుల తీగ తొడుగు ఒరుసుకుపోతే ఆ కరెంటు మీ ల్యాప్‌టాప్ దాకా వస్తుంది. వేరే పైపు వాడండి, కరెంటు లైను నుంచి అరడుగైనా ఎడం ఉంచండి, దాటక తప్పని చోట అడ్డంగా లంబకోణంలో దాటించండి. ఏ స్విచ్ బోర్డు విప్పినా ముందు ఎంసీబీ దించాలి.

అపార్ట్‌మెంట్లలో టెలిఫోన్‌కో కేబుల్ టీవీకో గోడలో వేసిన పైపు దాదాపు ప్రతి గదికీ ఉంటుంది. పాత టీవీ వైరును వాడకపోతే, దాని కొసకు కొత్త కేబుల్‌ను టేపుతో సన్నగా చుట్టి కట్టి, అవతలి నుంచి లాగండి. దానితోపాటు ఒక గట్టి నైలాన్ తాడును కూడా లోపలికి పంపితే మున్ముందు ఇంకో కేబుల్‌కు పనికివస్తుంది. పైపు ఖాళీగా ఉంటే ముందు జీఐ వైరు (జింకు పూత ఇనుప తీగ) దూర్చి, ఆ వైరుతో కేబుల్‌ను లాగాలి.

ఈ పని ఇద్దరిది. ఒకరు ఇటు నుంచి కేబుల్‌ను తిన్నగా అందిస్తూ తోస్తుంటే, మరొకరు అటు నుంచి నింపాదిగా లాగాలి. తొడుగుకు కాస్త టాల్కం పౌడర్ రాస్తే మూలల దగ్గర జారుతుంది. చేతికి బిగుసుకున్నట్టు తగిలితే బలం చూపించకుండా ఆగి, ఒక అడుగు వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించండి. గుంజితే లోపల జతలుగా మెలివేసిన తీగల మెలికలు సాగిపోతాయి, పైకి మాత్రం కేబుల్ చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది.

మూలల్లో కేబుల్‌ను మడత పెట్టకుండా, రెండు అంగుళాల కన్నా వెడల్పైన గుండ్రపు వంపు ఇవ్వండి. క్లాంపులు తొడుగును నొక్కేయకూడదు. బిగించాక కూడా కేబుల్ వేలితో కదలాలి.

బయటి గోడకు రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లును లోపలి నుంచి బయటికి కాస్త కిందికి వాలేలా పట్టుకోండి. అప్పుడు వాన నీరు లోపలికి పారదు. గోడలోకి దూరే ముందు కేబుల్‌కు కిందికి వేలాడే చిన్న వంపు వదిలితే, జారివచ్చిన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది.

ఔట్‌డోర్ కేబుల్ విలువ నేను నష్టపోయి తెలుసుకున్నాను. మా పిట్టగోడ వెంట మొదటిసారి లోపల వాడే బూడిదరంగు కేబుల్‌నే వేశాను. రెండో వేసవి ముగిసేసరికి తొడుగు పెళుసెక్కి, గోటితో గీరితే పెచ్చులు ఊడింది. జూలై వానలకు నీరు దిగి, పైగది కనెక్షన్ రోజుకు పదిసార్లు తెగేది. రౌటర్‌దే తప్పనుకుని దానిని రెండుసార్లు రీసెట్ చేశాక గానీ కేబుల్ వైపు చూడలేదు.

రెండు కొసల్లోనూ ఒక మీటరు అదనంగా చుట్టి ఉంచండి.

6. కనెక్టర్ బిగించండి

తొడుగును అంగుళం మేర మాత్రమే ఒలవండి. లోపలి నాలుగు జతలను విప్పి, ఒక్కొక్క తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి సాపు చేసి, ఎడమ నుంచి కుడికి ఈ వరుసలో పేర్చండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. దీనిని టీ568బీ వరుస అంటారు. రెండు కొసల్లోనూ ఇదే వరుస ఉండాలి.

నాలుగో తీగ నీలం, ఆరోది ఆకుపచ్చ అన్నది గుర్తుంచుకోండి. ఆకుపచ్చ జతను పక్కపక్కన పెట్టేయడమే కొత్తవారు చేసే తప్పు.

కనెక్టర్ క్లిప్పు కిందికి, బంగారు రంగు పళ్లు మీకు కనబడేలా, తీగ దూరే నోరు మీవైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరిది మొదటి గడి. తీగల కొనలను ఒకే గీతగా కత్తిరించి లోపలికి తోయండి. ఎనిమిది కొనలూ కనెక్టర్ ముందు గోడను తాకినట్టు ప్లాస్టిక్ లోంచి కనిపించాలి, బయటి తొడుగు కనెక్టర్ లోపలికి చేరాలి, మెలిక విప్పిన భాగం అర అంగుళం దాటకూడదు. ఈ మూడూ సరిచూసుకున్నాకే టూల్ నొక్కండి. నొక్కాక కుదరలేదనిపిస్తే కోసి పారేసి కొత్తది వేయడం తప్ప బాగుచేసే మార్గం లేదు. పది కొనమన్నది అందుకే.

టెస్టర్‌లో రెండు వైపులా 1 నుంచి 8 వరకు దీపాలు అదే వరుసలో వెలగాలి. ఇక్కడొక చిక్కుంది. 4, 5, 7, 8 దీపాల్లో ఏదైనా వెలగకపోయినా ఇంటర్నెట్ వస్తుంది, ఎందుకంటే 100 ఎంబీపీఎస్ లింకుకు 1, 2, 3, 6 తీగలు చాలు. వస్తోంది కదా అని వదిలేస్తే ఆ గది ఎప్పటికీ 95 దగ్గర ఆగిపోతుంది. టెస్టర్ పరీక్ష తరువాత ల్యాప్‌టాప్‌ను కలిపి, నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ వేగం ఒక గిగాబిట్ చూపిస్తోందో లేదో చూడండి.

7. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చండి

రౌటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దానిని ఎంచుకుంటే చాలు, ఈ భాగంలో మిగిలినదంతా దాటేయవచ్చు. లేకపోతే ఈ క్రమం తప్పకుండా చేయండి.

1. రెండో రౌటర్‌కు ల్యాప్‌టాప్‌ను మాత్రమే కలపండి. కొత్త కేబుల్‌ను ఇంకా కలపవద్దు.
2. మొదటి రౌటర్ చిరునామా (ఐపీ అడ్రస్) చూసుకోండి. అది 192.168.1.1 అనుకుంటే, రెండోదాని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) చిరునామాను 192.168.1.2గా మార్చండి. మీ ఇంట్లో మూడో అంకె వేరుగా ఉంటే మొదటి మూడు అంకెలూ యథాతథంగా ఉంచి చివరిది మాత్రమే మార్చాలి.
3. మొదటి రౌటర్ పంచిపెట్టే చిరునామాలు 192.168.1.2 నుంచే మొదలవుతుంటే, అవి 10 నుంచి మొదలయ్యేలా అక్కడ మార్చండి.
4. కొత్త చిరునామాతో రెండో రౌటర్‌లోకి మళ్లీ లాగిన్ అయి, డీహెచ్‌సీపీని (పరికరాలకు చిరునామాలు పంచే పనిని) ఆపేయండి. ఆ తరువాత ల్యాప్‌టాప్‌కు చిరునామా దొరకకపోతే కంగారు పడనక్కరలేదు.
5. వై-ఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి.
6. కింది నుంచి వచ్చిన కేబుల్‌ను ల్యాన్ పోర్టులో పెట్టండి. బయటి ఇంటర్నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి.

నాలుగో మెట్టు మరచిపోతే ఇంట్లో చిరునామాలు పంచేవి రెండవుతాయి. కొన్ని ఫోన్లు మొదటిదాని నుంచి, కొన్ని రెండోదాని నుంచి చిరునామా తీసుకుని, వై-ఫై ఉన్నా ఇంటర్నెట్ లేదని చూపిస్తాయి. తప్పు చేసింది పైగదిలో, గోల మొదలయ్యేది కింది హాల్లో కాబట్టి కారణం త్వరగా తట్టదు.

8. పేరూ ఛానెలూ సరిచేయండి

రెండు రౌటర్లకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే భద్రతా రకం పెడితే ఫోన్ మెట్లెక్కుతూనే దగ్గరి దానికి మారుతుంది. అలా మారక కిందిదానినే పట్టుకుని వేలాడుతుంటే, కింది రౌటర్ ప్రసార శక్తిని మధ్యస్థానికి తగ్గించండి.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149 పెట్టుకోవచ్చు.

9. తీగ లాగడం కుదరనప్పుడు

అద్దె ఇల్లు, మైవాన్ గోడలు, మూసుకుపోయిన పైపులు — ఇలాంటి చోట వైర్‌లెస్ మెష్ (తీగ లేకుండా ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే పెట్టెలు) ఒక మార్గం. రెండో పెట్టెను సిగ్నల్ లేని గదిలోనే పెట్టడం అందరూ చేసే పొరపాటు. దానికే అందనిది అది మీకేమిస్తుంది? ఫోన్‌తో నడుస్తూ మైనస్ 60, మైనస్ 65 మధ్య చూపించే చోటు వెతికి అక్కడ పెట్టండి. సొంత ఇళ్లలో అది చాలాసార్లు మెట్ల మలుపు అవుతుంది.

రిపీటర్‌ను నేను ఆఖరి మార్గంగానే చెబుతాను. ఒకే బ్యాండు మీద విని, అదే బ్యాండు మీద తిరిగి చెప్పే రకంలో వేగం సుమారు సగానికి పడిపోతుంది.

కరెంటు వైర్ల ద్వారా ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు రెండూ ఒకే ఫేజు మీద ఉంటేనే బాగా పనిచేస్తాయి. త్రీ ఫేజు మీటరున్న ఇంట్లో పైఅంతస్తు వేరే ఫేజు మీద ఉండే అవకాశం ఎక్కువ. వాపసు ఇచ్చే వీలుంటేనే కొనండి, గోడ సాకెట్‌లోనే నేరుగా పెట్టండి. స్పైక్ బస్టర్‌లో పెడితే అది సిగ్నల్‌నూ వడగట్టేస్తుంది.

10. లక్షణం చూసి తప్పు పట్టుకోండి

కేబుల్ కలిపిన మరుక్షణం ఇల్లంతా ఇంటర్నెట్ ఆగిపోయి రౌటర్ దీపాలన్నీ ఒక్కసారిగా వేగంగా మెరుస్తుంటే, రెండు రౌటర్ల మధ్య రెండు దారులు ఏర్పడి ఉంటాయి. కేబుల్‌తో కలిపిన పెట్టె వై-ఫై ద్వారా కూడా మొదటిదానికి కలిసి ఉంటే ఇదే జరుగుతుంది. ఒక దారి తీసేయండి.

వేగం సరిగ్గా 90-95 దగ్గర ఆగితే, ముందు కనెక్టర్లు, తరువాత రెండో రౌటర్ పోర్టుల సామర్థ్యం చూడండి.

పైగదిలో ఇంటర్నెట్ వస్తున్నా కింది ప్రింటర్ కనిపించకపోతే, కేబుల్ వ్యాన్ పోర్టులో ఉండిపోయిందన్నమాట.

ఎండ వేళ బాగుండి, వాన పడితే తెగుతుంటే బయటి కేబుల్‌ను అడుగు అడుగునా తడిమి చూడండి. ఉడుతలు కొరికిన గాటు చేతికి తగులుతుంది, కంటికి ఆనకపోవచ్చు.

11. కరెంటు కోతకూ పిడుగుకూ ఏర్పాటు

కింది ఫైబర్ బాక్సుకు మాత్రమే బ్యాకప్ పెట్టి పైదానిని మరచిపోతే, కరెంటు పోగానే పైగది మూగబోతుంది. రెండింటికీ చిన్న యూపీఎస్ పెట్టండి. కొనే ముందు ఒక్కొక్క అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ, ఆంపియర్లు చదవండి. చాలావాటికి 12 వోల్టులే అయినా అన్నిటికీ కాదు.

ఇంటి పై నుంచి బయటగా వెళ్లే రాగి కేబుల్, దగ్గర్లో పిడుగు పడితే ఆ తాకిడిని రెండు రౌటర్ల దాకా మోసుకొస్తుంది. ఉరుముల సాయంత్రం రెండు కొసలనూ, అడాప్టర్లనూ ఊడదీయడమే నమ్మదగిన రక్షణ. గది ఇంటికి విడిగా, ఆవరణ అవతల ఉంటే రాగి బదులు ఫైబర్ కేబుల్ వేసి, రెండు వైపులా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌నూ ఇథర్‌నెట్ కేబుల్‌నూ కలిపే పెట్టె) పెట్టించండి. గాజు పోగు కరెంటును మోయదు. లోపల ఇనుప తీగ ఆధారం లేని రకమే కావాలని అడగండి, ఎందుకంటే దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చే డ్రాప్ ఫైబర్‌కు పక్కన ఒక స్టీలు తీగ ఉంటుంది.